సీలు తెగిన పెట్టెలు

మా మేనేజర్ సార్ పోయారని మొన్న పొద్దున మెట్టుగూడ నుంచి ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. "నాన్న ఆఖరికి సుత నిన్ను అడిగిండు అక్కా" అంది.

రెజిమెంటల్ బజార్ దగ్గరి రెస్టారెంట్లో నేను ఆయన కింద సూపర్‌వైజర్‌ని. స్టోర్ రూమ్ తాళంచెవులు ఎప్పుడూ ఆయన దగ్గరే ఉండేవి. ఫ్రిజ్ మీటరును నమ్మక చెయ్యి లోపల పెట్టి చూసేవారు. ఎవరైనా కూర మిగిల్చి లేస్తే వెళ్లి, "ఏమన్న తేడా ఉన్నదా అమ్మా?" అని అడిగేవారు. "గెస్టు వంటింట్లకొచ్చి చూడడు బిడ్డా. ఆయన బదులు మనమే చూడాలె" అనేవారు నాతో.

ఒక ఆదివారం బాప్తిస్మం విందుకు అరవై మంది వచ్చి కూర్చున్నారు. వంటకు ఆలస్యంగా వచ్చిన చికెన్ పెట్టెల సీలు తెగి ఉంది. సార్ ఒక ముక్క వాసన చూసి పెట్టెలన్నీ వెనక్కి పంపేశారు.

"మసాలా పడ్డంక ఎవరికి తెలుస్తది?" అన్నారు ఓనర్.

"నాకు తెలుసు గద సార్."

హాల్లోకి వెళ్లి చేతులు జోడించి, "చికెన్ మంచిగ లేదు, పెట్టలేం. గుడ్ల కూర చేయిస్తున్న, జెర ఓపిక పట్టుండ్రి" అని ఉన్నమాటే చెప్పారు. ఆ సాయంత్రమే ఓనర్ ఆయన్ని పనిలోంచి తీసేసి, తాళంచెవులు నా చేతిలో పెట్టారు. వెళ్తూ సార్ ఒక్కటే అన్నారు. "సరుకు చూడకుండ రసీదు మీద సంతకం పెట్టకు."

నెల తిరక్కుండానే మళ్లీ సీలు తెగిన పెట్టెలు వచ్చాయి. నేను చూశాను. వాసన కూడా సన్నగా తగిలింది. ఓనర్ పక్కనే నిలబడ్డారు. సరుకు బాగుందని సంతకం పెట్టాను. ఆ మధ్యాహ్నం భోంచేసి వెళ్తూ ఒక పెద్దావిడ, కూర బాగుందని నా భుజం తట్టింది.

తెల్లారేసరికి ఆ పెద్దావిడతో సహా పదకొండు మంది ఆసుపత్రిలో ఉన్నారు. నేను పరుగున వెళ్లేసరికి, విషయం తెలిసి సార్ అప్పటికే అక్కడున్నారు. ఉద్యోగం పోయిన మనిషి, మంచం మంచానికీ వెళ్లి "ఇప్పుడెట్లున్నది?" అని అడుగుతున్నారు.

"సంతకం నేనే పెట్టిన సార్" అన్నాను.

ఆయన తిట్టలేదు. "డాక్టర్‌కు చెప్పు. ఏం వండిన్రో, సరుకు ఎట్లొచ్చిందో అంత చెప్పు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వస్తే ఆయనకు సుత."

ఇద్దరికీ చెప్పాను. నా ఉద్యోగమూ పోయింది. ఆ మాట చెప్పించినందుకే ఇవాళ ఆయనకు దణ్ణం పెడుతున్నాను.

పెద్దావిడ పది రోజులకు కోలుకుంది. ఆ పొద్దున ఆసుపత్రిలో మాత్రం అది మాకు తెలియదు. నేను డాక్టర్ గదిలోంచి వచ్చేసరికి ఆమె మంచం చుట్టూ పచ్చ తెర లాగేశారు. లోపల నర్సుల నీడలు గబగబా కదులుతున్నాయి. తెర ముందు సార్ చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.