గోంగూర మూల

నిన్న పొద్దున మా కాలనీ పార్కులో నడకదారి రాళ్ల సందున జానెడు గోంగూర మొక్క కనిపించింది. నేను దగ్గరకు వెళ్లేలోపే తోటమాలి కలుపనుకుని పీకేశాడు. అడిగి తీసుకుని జేబులో పెట్టుకున్నాను. అది చూసి మా సంఘం కార్యదర్శి నవ్వాడు. ఆయన నన్ను చూసి నవ్విన సందర్భాలన్నీ నాకు గుర్తే.

మియాపూర్ దాటాక లోపలికి ఉండే మా వీధిలో అప్పట్లో ఈ స్థలం లేఅవుటు కాగితంలో మాత్రమే పార్కు. కంటికి కనిపించేది ఫ్లాట్లు కట్టగా మిగిలిన కంకర, పగిలిన వాష్ బేసిన్లు, ముళ్లకంప. ప్రభుత్వ నిధులతో పార్కు చేయమని నేను అర్జీలు పెట్టేవాణ్ని. ప్రతిదానికీ నకలు తీసి, అందినట్టు ముద్ర వేయించుకునేవాణ్ని. ముద్ర వేయడానికి విసుక్కున్న గుమాస్తా చొక్కా రంగు ఇప్పటికీ చెప్పగలను. ఒకసారి కాలనీ మీటింగులో కార్యదర్శి, "మా పెద్దాయనకి అన్నం అరగాలంటే ఓ అర్జీ పడాలండీ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు పకోడీల పళ్లెం నా దాకా రాలేదు.

నవ్వనిది మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ భార్య ఒక్కతే. పాలమూరు వైపు మనిషి. ఆ స్థలంలో ఒక మూల కంకరంతా తట్టలతో ఎత్తిపోసి గోంగూర, బెండ వేసింది. వారానికోసారి మా తలుపు గడియకు గోంగూర కట్ట వేలాడేది. "పార్కు రావాలె సారు, పిల్లలు రోడ్డు మీద ఆడుతున్నరు. గని నా మూల జర కాపాడుండ్రి" అంది ఒకనాడు. "కూరమొక్కలకు ఆ మూల వదలమని రాస్తానమ్మా" అన్నాను. "మీరు రాస్తే ఇగ ఫికర్ లేదు" అంది. కాలనీ మొత్తంలో నా రాతను నమ్మింది ఆమె ఒక్కతే.

నిధులు మంజూరయ్యాయి. నేల చదును చేసే ప్రొక్లెయిన్ వచ్చిన ఉదయం నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగాను. ఆమె తన మూలకు అడ్డంగా నిలబడి ఉంది. "మా సారు రాసిండు, చూస్కోండ్రి" అంటోంది. ఇంజనీరు ఫైలులోంచి అర్జీ తీసి నా చేతికే ఇచ్చాడు. నా దస్తూరీయే. 'స్థలంలోని ఆక్రమణలన్నీ తొలగించవలెను.' ప్రతి అర్జీలోనూ అలవాటుగా రాసే వాక్యం. ఆమె మూల గురించి ఒక్క ముక్క లేదు. రాయడం మరిచిపోయాను.

"ఏం రాసిన్రు సారు?" అని అడిగింది. ఆమెకు చదువు రాదు. నేను కాగితం మడిచి ఇంజనీరుకు తిరిగిచ్చేశాను. నా మొహం చూసి, "పోనీ తియ్యుండ్రి" అంటూ వంగి, నాలుగు లేత బెండకాయలు కొంగులో వేసుకుని పక్కకు జరిగింది.

ఆ సాయంత్రం మా గడియకు ఎప్పటిలాగే గోంగూర కట్ట వేలాడింది. ఈసారి మొక్కల వేళ్లకు మట్టి ఉంది. నెల తిరక్కుండానే వాళ్లు లింగంపల్లి వైపు ఏదో కొత్త బిల్డింగుకు మారిపోయారు.

పార్కు ప్రారంభోత్సవ శిలాఫలకం మీద నా పేరు లేదని ఎందరికో రాశాను. ఆమెకు మాత్రం ఏమీ రాయలేకపోయాను. నిన్నటి మొక్కను కుండీలో నాటితే తెల్లారేసరికి తల వాల్చేసింది. పార్కు తెరిచే వేళ, మూసే వేళ గేటు మీద రాసి ఉన్నాయి. ప్రొక్లెయిన్ వచ్చిన ఆ ఉదయానికి మాత్రం మూసే వేళంటూ ఇంతవరకూ రాలేదు.