విజిటర్ల కాలమ్‌లో ముగ్గురు పిల్లలు

అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రం పార్సిప్పనీలో మేం అద్దెకున్న అపార్ట్‌మెంట్‌కి ఒక డిసెంబరులో పోస్టులో చిన్న పుస్తకం వచ్చింది. ఎనభైల నాటి మాట. పల్చటి అట్ట, లోపల రోజుకి రెండు పేజీల చొప్పున గళ్లు. మీ ఇంట్లో ఎవరెవరు ఏ ఛానెల్ ఎంతసేపు చూశారో ఒక వారం పాటు రాసి, అదే పుస్తకాన్ని మడిచి పోస్టులో వేయండి, స్టాంపు మేమే అంటించాం అని దాని సారాంశం. ఏ ఛానెల్‌ని ఎంతమంది చూస్తున్నారో లెక్క తేల్చే కంపెనీ అది. అంతకు ముందే ఒకావిడ ఫోన్ చేసి, రాస్తారా అని ఎంతో మర్యాదగా అడిగింది. రాస్తానన్నాను. ఎందుకన్నానంటే, ఈ దేశంలో దిగి రెండేళ్లయినా నా అభిప్రాయం అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఎం.ఏ. ఎకనామిక్స్ ఫస్ట్ క్లాసులో పాసైనదాన్ని. శాంపిల్ సర్వే మీద పరీక్షలో నాలుగు పేజీల వ్యాసం రాసినదాన్ని. ఆ శాంపిల్‌లో నేనే పడితే ఏమవుతుందో మాత్రం ఏ లెక్చరరూ చెప్పలేదు.

అది క్రిస్మస్ ముందు వారం. అప్పట్లో పెద్ద ఛానెళ్లు మూడు. డిసెంబరు వచ్చిందంటే ఆ మూడూ పూనకం వచ్చినట్టు ఊగేవి. ఒకటి మంచు మనిషి కార్టూన్ వేస్తే, రెండోది అదే టైముకి జింకల కార్టూన్ వేసేది. మూడోది ఎర్ర స్వెట్టర్ తొడిగిన గాయకుణ్ణి ఉత్తుత్తి చలిమంట పక్కన నిలబెట్టి పాడించేది. ఒక లోకల్ ఛానెల్‌కి ఇవేవీ కొనే స్తోమత లేక, పొయ్యిలో కట్టెలు కాలుతుంటే గంటల తరబడి అదే చూపించింది. దాన్నీ జనం కూర్చుని చూశారు, నాతో సహా. ఆదివారం పేపరుతో వచ్చే టీవీ పుస్తకం నిండా పేజీకొక ప్రకటన, మాదే అసలు క్రిస్మస్ అంటే మాదే అసలు క్రిస్మస్ అని. ఇంతకీ ఆ పోరులో గెలిచిందెవరో తేలేది మా ఇంటికొచ్చిన పుస్తకం లాంటివాటితోనే.

నేను నిజాయితీగా రాశాను. మొదటి తప్పు అదే.

పుస్తకంలో మా ఆయనకొక గడి, నాకొక గడి, ఆ పక్కన విజిటర్ల కాలమ్ ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్లు టీవీ చూస్తే వాళ్ల వయసు, ఆడో మగో రాయాలి. పుస్తకంలో వారం గురువారంతో మొదలు. గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా గుండ్రటి అక్షరాలతో రాశాను: అమ్మాయి ఏడేళ్లు, అబ్బాయి అయిదేళ్లు, అమ్మాయి మూడేళ్లు. వాళ్లు ఊళ్లో ఒక డాక్టర్ దంపతుల పిల్లలు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆసుపత్రిలో ట్రైనింగులో ఉన్నారు. పండగ డ్యూటీలన్నీ మనవాళ్ల నెత్తినే వేసేవారు. మూడింటికి స్కూలు బస్సు మా గేటు ముందు ఆగేది. పెద్దవాళ్లిద్దరూ దిగేవారు. చిన్నది పొద్దుటి నుంచీ నా దగ్గరే ఉండేది. శుక్రవారం సాయంత్రం వాళ్లమ్మ ఒక కవరు నా చేతిలో పెట్టేది. ఏడాదిన్నరగా అదే నా ఉద్యోగం.

నా వీసాకి ఉద్యోగం చేసే హక్కు లేదు. మా ఆయన ఇంజనీరు. కంపెనీ మా ఇద్దరికీ గ్రీన్ కార్డుకి అప్లై చేసింది. జనవరిలో న్యూవార్క్ ఇమిగ్రేషన్ ఆఫీసులో ఇంటర్వ్యూ.

శుక్రవారం భోజనాల దగ్గర మా ఆయన పుస్తకం తిరగేశాడు.

"ఏమిటిది?"

"చదువు రాదా? మొదటి గడి మీది, రెండోది నాది, ఆ పక్కన పిల్లలు."

"ఈ పిల్లలు రోజూ మూడింటికి వచ్చి ఆరు దాకా మనింట్లో ఎందుకుంటున్నారని అడిగితే?"

"ఎవరడుగుతారు? టీవీ కంపెనీ వాడికి వేరే పనిలేదా?"

"జనవరిలో న్యూవార్క్‌లో కూర్చునే వాడికి ఉంటుంది కదా పని," అన్నాడు.

పుస్తకం ఆయన చేతిలోంచి తీసుకుని ఆ రెండు రోజులూ మళ్లీ చదివాను. నా చేతిరాతతో, నా అడ్రసు అంటించిన పుస్తకంలో, నేను తేదీలు వేసి మరీ నా నేరం రాసిపెట్టాను.

మర్నాడు పై అంతస్తులో ఉండే అక్క దిగివచ్చింది. హైదరాబాదావిడ, గ్రీన్ కార్డు వచ్చి నాలుగేళ్లయింది కాబట్టి మా అందరికీ ఇమిగ్రేషన్ లాయరు.

"కేస్ నడుస్తుంటే గిసొంటివి ఎందుకు ఒప్పుకున్నవ్?" అంది. "ఈడ అన్నీ కంప్యూటర్ల ఉంటయి. ఫోనోళ్లు, కరెంటోళ్లు, టీవీవోళ్లు, అందరూ ఒక్కటే."

"మరి నువ్వు బెడ్‌రూములో మిషన్ పెట్టి ఊరందరికీ జాకెట్లు కుట్టేదానివి కదక్కా, కంప్యూటర్‌కి వినపడలేదా?"

"నాది కార్డు చేతికొచ్చినంక కుట్టిన. నన్ను దెప్పుడు కాదు, నీ సంగతి చూసుకో."

చింపి పారేద్దామన్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. పుస్తకం వెనక నంబరు ఉందట, పంపకపోతే ఫోన్ చేస్తారట, అప్లికేషన్‌లో ఖాళీగా వదిలిన కాలమ్ లాగే, పంపని పుస్తకం మీదే అనుమానం వస్తుందట. ఆదివారం పొద్దున స్నానాల గదిలోంచి గడ్డం గీసుకునే బ్లేడు తెచ్చాడు. బి.ఎస్సీ. చదివిన రోజుల్లో ఫిజిక్సు రికార్డులో తప్పు రీడింగుల్ని బ్లేడుతో గీకి, పైన గోటితో రుద్ది, సరైనవి రాసేవాడినని ఎంతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ విద్య ఇన్నాళ్లకి అక్కరకొచ్చింది. రెండు రోజుల విజిటర్లనీ గీకేశాడు. కాగితం నలిగి, నూగు లేచి, పల్చబడింది. కిటికీ దగ్గర వెలుతురికి పెట్టి చూశాను. ఏడు, అయిదు, మూడు, మూడంకెలూ కనిపిస్తున్నాయి.

"నీకు తెలుసు కాబట్టి కనిపిస్తున్నాయి," అన్నాడు.

"వాళ్లకి కళ్లుండవా?"

ఆ తర్వాత చేసింది మనవాళ్లు మాత్రమే చేయగల పని. మిగిలిన రోజులు కూడా ఆ పూటే నింపేశాం. ప్రయోగం చేయకుండానే సీనియర్ రికార్డు చూసి రీడింగులు వేసినట్టు, పేపరు టీవీ పుస్తకం ముందు పెట్టుకుని ఆయన చెబుతుంటే నేను రాశాను. అమెరికా మీద మాకెంత ప్రేమో తెలియాలని ప్రతి సాయంత్రం క్రిస్మస్ ప్రోగ్రాములే. ఒక ఛానెల్‌కి ఎక్కువ రాస్తే రెండోవాడికి కోపం వస్తుందేమోనని, ముగ్గురు కోడళ్లకి చీరలు పంచే అత్తగారిలా మూడింటికీ సమానంగా గంటలు సర్దాడు. సోమవారం ఆఫీసుకి వెళ్తూ డబ్బాలో వేసేశాడు. వారం ఇంకా మూడు రోజులుంది. ఇంట్లో ఉంటే భయమని అంత తొందర.

పుస్తకం పోయింది కానీ పిల్లలు పోలేదు కదా. సోమవారం బస్సు దిగగానే పెద్దపిల్లని వంటింట్లోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, చెప్పాను.

"ఎవరైనా వచ్చి అడిగితే నేను మీ అమ్మకి చెల్లెలినని చెప్పాలి. పిన్నిని."

"బట్ యూ ఆర్ నాట్, ఆంటీ."

"కాదు. కానీ అలా చెప్పాలి."

"అది లై కదా. మమ్మీ లై చెప్పొద్దు అంటుంది." దాని మొహంలోకి నా భయం వెళ్లిపోవడం నేను చూశాను. "పోలీస్ వస్తుందా, ఆంటీ?"

రాదన్నాను. ఆ రోజు అది టీవీ సౌండ్ బాగా తగ్గించి చూసింది. తమ్ముడు పెంచబోతే చేతి మీద ఒక్కటి వేసింది.

ఆ సాయంత్రం డాక్టర్లిద్దరికీ డ్యూటీ ఉండి పిల్లలు మా దగ్గరే అన్నాలు తిన్నారు. ఏడింటికి మంచు మనిషి కార్టూన్ కావాలని అబ్బాయి, జింకలు కావాలని పెద్దది కొట్టుకుంటుంటే నేనే లేచి ఛానెల్ తిప్పాను. ఎర్ర స్వెట్టర్ గాయకుడు చలిమంట పక్కన నిలబడి పాడుతున్నాడు. అతను రావలసింది మంగళవారం ఎనిమిదింటికి. మా ఆయన చెబితే మంగళవారం గడిలో ఎనిమిది నుంచి తొమ్మిది దాకా ఇద్దరం చూశామని నేను రాసిన గాయకుడే. ప్రకటనల మధ్య ఎవరో ఉత్సాహంగా చెప్పాడు: పోటీ ఛానెల్ మంగళవారం అదే గంటకి ఇంకేదో వేస్తోందని, తాము ఒక రోజు ముందే ప్రేక్షకులకి ఈ కానుక ఇచ్చేస్తున్నామని.

నేను మంచం అంచున కూర్చుండిపోయాను. మంగళవారం రాని ప్రోగ్రాముని మేం మంగళవారం చూశాం. అంతేకాదు, మంగళవారం చూసినదాన్ని సోమవారమే పోస్టు చేశాం. పుస్తకం మీద పోస్టాఫీసు ముద్ర, తేదీతో సహా ఉంటుంది.

మా ఆయన రాగానే చెప్పాను. కోటు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డాడు.

"వెళ్లి ఆ డబ్బాలోంచి తీసుకురాలేమా?"

"పోస్టు డబ్బాలో చెయ్యి పెడితే అది వేరే నేరం. ఇప్పుడున్నవి చాలవా?" అన్నాను.

నూతన సంవత్సరం దాటిన మొదటి వారంలో ఫోన్ మోగింది. ఆవిడే, అదే మర్యాద. మీ పుస్తకం అందింది, థాంక్యూ అంది. ఒకటి రెండు సందేహాలున్నాయంది.

"మొదటి రెండు రోజుల్లో ఏదో చెరిపినట్టుంది. ఇంటికి ఎవరైనా వచ్చారా?"

మూడేళ్లది నా కాళ్ల దగ్గర కూర్చుని గిన్నె మీద గరిటెతో వాయిస్తోంది. ఆ చప్పుడు ఆవిడకి వినబడే ఉంటుంది. గరిటె లాక్కున్నాను. ఏడుపు అందుకుంది.

"నో," అన్నాను. "నోబడీ."

ఆ ఏడుపు ఆవిడ వినకుండా ఉండదు. పుస్తకం వారం పూర్తికాకముందే చేరింది కాబట్టి లెక్కలోకి తీసుకోలేమని, ఏమీ అనుకోవద్దని అంది.

"మరి దాన్నేం చేస్తారు?"

"ఏమీ లేదు. పక్కన పెడతాం."

మా నాన్నగారు తాలూకాఫీసులో ముప్పై ఏళ్లు చేశారు. పక్కన పెట్టిన ఫైలు ఎప్పుడు ఎవరి మెడకి చుట్టుకుంటుందో వింటూ పెరిగినదాన్ని. ఆవిడ శాంతంగా అన్న ఆ రెండు మాటలతో నాకు నిద్ర, ఆకలి రెండూ పోయాయి. డోర్ బెల్ మోగితే పిల్లల్ని పడకగదిలోకి పంపి, కిటికీ తెర పక్కకి జరిపి చూసి, అప్పుడు తీసేదాన్ని. ఒకసారి చూస్తే ఇరుగుపొరుగు స్కూలు పిల్లలు, బిస్కెట్లు అమ్మడానికి వచ్చారు.

ఇంటర్వ్యూకి ముందు పది రోజులూ మా ఇంట్లో టీవీ గురించి తప్ప మాట లేదు. ఎవరైనా గాయకుడి గురించి అడిగితే ఏం చెప్పాలి? రోజు మరిచిపోయి తప్పు గడిలో రాశామనాలి. ముందే ఎందుకు పంపారంటే? ఊరెళ్తున్నామనుకున్నాం, వెళ్లలేదు. చెరిపింది ఎందుకంటే? పెన్ను కక్కింది. ఆయన ఆఫీసరులా ప్రశ్నలు వేస్తే నేను జవాబులు అప్పజెప్పేదాన్ని. అక్క కూడా వచ్చి మధ్యలో గద్దించి అడిగేది. నేను తడబడితే, "గిట్ల చెప్తే పట్టుకుంటరు, మల్ల చెప్పు," అనేది.

ఇంటర్వ్యూ రోజు చిన్నదాన్ని అక్కకి అప్పజెప్పాం, మూడు దాకానే చూస్తానంది. న్యూవార్క్‌లో ఆఫీసరు నెరిసిన జుట్టు మనిషి. ఇద్దరినీ కుడిచెయ్యి ఎత్తమన్నాడు. నిజమే చెబుతామని ప్రమాణం చేశాం. మా ఆయన్ని కంపెనీ గురించి, జీతం గురించి అడిగాడు. కాగితాలు తిప్పాడు. మధ్యలో ఒక పల్చటి కాగితం కనబడితే మా పుస్తకంలో పేజీ అనుకున్నాను. అది మా పెళ్లి సర్టిఫికెట్ నకలు. టీవీ మాట రాలేదు. వస్తుంది, వస్తుందని జవాబులన్నీ నాలుక మీద పెట్టుకుని కూర్చున్నాను.

తల ఎత్తకుండానే నన్నడిగాడు, ఈ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచి ఎప్పుడైనా, ఎక్కడైనా ఉద్యోగం చేశారా అని.

ఆ ప్రశ్నకి మేం జవాబు తయారు చేసుకోలేదు. పది రోజులు ముగ్గురం కూర్చుని ఒక్కరికీ తట్టలేదు. భయమంతా ఆ గాయకుడి మీద ఖర్చు పెట్టేశాం. నేను "నో" అన్నాను. అబద్ధం అంత హాయిగా వస్తుందని నాకు తెలియదు. ఆఫీసరు టిక్కు పెట్టాడు. ముద్ర వేశాడు. కార్డులు పోస్టులో రావడానికి నెలలు పడుతుందన్నాడు.

కారులో కూర్చున్నాక మా ఆయన తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు.

"నువ్వు చేసింది ఉద్యోగం కాదోయ్," అన్నాడు. "స్నేహితుల పిల్లల్ని కాస్త చూసిపెట్టావు. అంతే కదా."

"చెయ్యి ఎత్తి చెప్పానండీ."

"అంతే కదా?"

ఆయన అడగడం నన్ను కాదు. అయినా "అంతే" అన్నాను. తర్వాత డ్యాష్‌బోర్డు మీద గడియారం చూశాను. రెండు దాటింది. మూడింటికి బస్సు వస్తుంది, పిల్లలు గేటు దగ్గర నిలబడతారు, తొందరగా పోనివ్వండి అన్నాను.