టీచరమ్మ గీసిన జైలు గ్రాఫు

మా లెక్కల టీచరమ్మ గురువారం పొద్దున్న పోయారు. చర్చిలో సంతాపం చెప్పినవాళ్లంతా ఆవిణ్ణి కరుణామూర్తి అన్నారు. నేను ఒప్పుకోను. ఆవిడది కోపం. ఆ కోపమే కొంతమందిని జైలు నుంచి ఇంటికి చేర్చింది.

రిటైరయ్యాక ప్రతి ఆదివారం ఆరాధన కాగానే మా ఊరి సబ్‌జైలుకి వెళ్లేవారు. ఎంతమందికి చోటుందో, ఎంతమంది ఉన్నారో గేటు పక్క బోర్డు మీద రాసి ఉంటుంది. అది చూసొచ్చి గ్రాఫు కాగితం మీద ఒక చుక్క పెట్టేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ గీత పైకి పోవడమే తప్ప దిగింది లేదు.

ఒక సోమవారం ఆ కాగితం పట్టుకుని కలెక్టరేటు గ్రీవెన్స్‌కి వెళ్లారు. తోడు నేనున్నాను.

"నేరాలు పెరుగుతున్నాయి కదమ్మా," అన్నాడు అక్కడి అధికారి.

"నేరాలు కావు బాబూ. బెయిలొచ్చినోళ్లు కూడా జామీనుండే దిక్కు నేక లోపలే ఉండిపోతన్నారు. సరిగ్గా సూడు."

ఆయన టీ తెప్పించాడు. "టీకి రానేదు నాను," అని కప్పు పక్కకి జరిపారు.

ముక్కూ మొహం తెలియనివాడికి ఇంటి పన్ను రసీదు చూపించి జామీను ఎవరుంటారు? ఆవిడ ఉన్నారు. తన ఇల్లు ఒక కేసులో పెట్టేశాక మా వీధి మీద పడ్డారు. ఆవిడ ఎదురొస్తే జనం సందు మార్చేవాళ్లు. అందరికన్నా ముందు మార్చింది నేనే.

భావనపాడు వైపు పనికొచ్చిన శృంగవరపుకోట కూలి ఒకడు ఇనుప కమ్మీల దొంగతనం కేసులో లోపలున్నాడు. బెయిలొచ్చి రెండు నెలలైంది. ఇద్దరు జామీనుదార్లు కావాలి. ఇక్కడ వాడికి చుట్టాలు లేరు. టీచరమ్మ తిరిగి తిరిగి ఒకరిని ఒప్పించి, మా ఇంటికొచ్చారు.

"రెండో జామీను నువ్వుండరా."

"వాడు పారిపోతే నా ఇల్లేం కాను టీచరమ్మా?"

"ఒరే, నువ్వు లెక్కల్లో మూడుసార్లు తప్పినా నాలుగోసారి కూకోబెట్టి సెప్పాను. నువ్వాడిని ఒక్కసారి నమ్మలేవా?"

వచ్చే వారం చూద్దామన్నాను. ఆ వచ్చే వారమే ఆవిడ పోయారు. నాకు సిగ్గుగా ఉంది.

సమాధి మీద మట్టి ఆరకముందే కోర్టుకి బయల్దేరాను. అన్నాళ్లూ వద్దన్న మా ఆవిడే రసీదు తీసిచ్చింది.

"ముద్దాయి నీకేటవుతాడు?" అన్నాడు గుమాస్తా.

"ఏటీ అవడు. అలాగే రాసుకోండి."

మర్నాడు సాయంత్రం సబ్‌జైలు చిన్న తలుపులోంచి తల వంచుకుని ఒక బక్క మనిషి బయటికొచ్చాడు. నన్నెరగడు. "ఎల్లిపోవచ్చా బాబూ?" అని అడిగాడు. వెళ్లమన్నాను. పది అడుగులు వేసి, ఎవరైనా వెనక్కి పిలుస్తారేమోనని ఆగాడు. ఎవరూ పిలవలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, నడిరోడ్డు మీద, బస్టాండు వైపు పరుగెత్తాడు.