ఖాలా ఆడిన రెండు కట్టల ఆట

మొన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టులో పక్క సీటావిడ ఫోన్‌లో ఒక్కతే పేకాడుకుంటుంటే చిన్నప్పుడు మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ గుర్తొచ్చింది.

విరిగిన కాలికి సిమెంటు పట్టీ తీసేసినా ఖాలా మంచం దిగలేదు. రెండు కట్టల పత్తాలు కలిపి ఒక్కతే ఆడేది. ఎనిమిది ఆసుల మీద ఎనిమిది వరుసలు రాజు దాకా పేర్చాలట. రోజుకు వెయ్యి ఆటలు ఆడేది. సరే, పది అనుకోండి.

"ఈ ఆట తేలినంకనే కాలు కింద పెడ్త బేటా" అనేది.

ఆమె నడవాలని నాకూ ఉండేది. ఒకరోజు చూస్తే ఆఠీన్ ఆసులు రెండున్నాయి. ఒక్క కట్టతోనే ఆడే మా ఇంట్లో అలా కనబడితే దొంగాటని కొట్టుకునేవారు. ఆట తేలనిది అందుకేననుకుని ఒకటి జేబులో వేసుకున్నాను.

"నా ఆసు ఏది బేటా?"

"అది దొంగముక్క ఖాలా, తీసేసిన" అని బయటికి ఉరికాను.

గుమ్మం దగ్గరే నా చెవి దొరకబుచ్చుకుంది. అప్పుడు తన కాళ్ల వైపు చూసుకుని, చెవి వదలకుండానే ఏడ్చింది. నొప్పి నాదైతే ఏడుపు ఆమెదెందుకో నాకు అర్థం కాలేదు.

పెద్దయ్యాక నేనూ ఆ ఆట నేర్చుకున్నాను. అది ఎప్పుడో గానీ తేలదు. నడవడానికి భయమని చెప్పలేక ఖాలా దాన్నే ఎంచుకుందేమో.