ఊక మీద స్కీయింగ్ నేర్పిన చాచా

మా వరంగల్‌లో మంచు అంటే ఫ్రిజ్‌లో పేరుకునేదే. అలాంటి ఊళ్లో నేను స్కీయింగ్ నేర్చుకున్నానంటే ఎవరూ నమ్మరు. నేర్పింది చాచా. కశ్మీర్ నుంచి స్వెట్టర్లు అమ్ముకోవడానికి వచ్చి, ఇక్కడి అమ్మాయిని పెళ్లాడి, మా గల్లీలోనే ఉండిపోయిన మనిషి. అక్కడ ఉన్నప్పుడు స్కీయింగ్ నేర్పేవాడట. ఇక్కడికొచ్చాకా కాళ్లు ఊరుకోక, రైస్ మిల్లు వెనక గుట్టలా పోసిన ఊక మీద గల్లీ పిల్లలకు మొదలుపెట్టాడు. వెదురు బద్దలను మంట మీద వంచి మా కాళ్లకు కట్టేవాడు. మలుపు తిరిగేటప్పుడు ఎడమ భుజం దించమనేవాడు. ఒళ్లంతా ఒకటే దురద. "గీ ఊకల పొర్లితె నీకేమొస్తదే?" అని అమ్మ తిట్టని రోజు లేదు.

చాచాకు ఒకటే బెంగ. "మా నాయిన దగ్గర నేర్సుకున్న విద్య బిడ్డా. నాతోనే పోతదేమో," అనేవాడు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. నేను మొండిఘటాన్ని, మానలేదు.

ఉద్యోగంలో చేరాక, పోయిన చలికాలం కశ్మీర్‌లో స్కీయింగ్ శిక్షణకు వెళ్లాను. మంచు మీద నిలబడ్డానో లేదో వెల్లకిలా పడ్డాను. లేచాను, మళ్లీ పడ్డాను. అందరూ నవ్వుతుంటే ఒళ్లు మండి చాచాకు ఫోన్ చేశాను.

"వెనక్కి వాలుమని నేర్పినవ్ గద చాచా! వాలితె పడుతున్న!"

"ఊకల ముంగటికి వంగితె బద్దలు దిగబడ్తయి, గందుకే అట్ల చెప్పిన. మంచుల అట్ల గాదు బిడ్డా. నేనే మర్సిపోయిన. నా కాళ్లు గూడ వరంగల్ కాళ్లే అయినయి. జర ముంగటికి వంగు."

నా కోపమంతా కరిగిపోయింది. వంగాను. పడలేదు. వాలు పొడుగునా మెలికలు తిరుగుతూ కిందికి వచ్చేశాను. అక్కడ టీ తాగుతున్న ముసలి శిక్షకుడు కప్పు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు.

"అట్లా ఎడమ భుజం దించి తిరగడం మా ఎగువ ఊరి వాళ్ల పద్ధతి. ఇప్పుడు ఇక్కడ ఎవరికీ రాదు. నీకెవరు నేర్పారు?" అని హిందీలో అడిగాడు. అది ఏ ఊరని నేనడిగితే, చాచా ఊరే చెప్పాడు. "రేపు మా పిల్లలకు నువ్వే చూపించు," అన్నాడు.

అక్కడి నుంచే మళ్లీ ఫోన్ చేసి, ఆ మాట చాచాకు ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల ఆయన చేతిలోంచి ఫోన్ చాచీ అందుకుంది.

"ఏమన్నవే మీ చాచాను? ఏడుస్తాండు, నవ్వుతాండు. అడిగితె చెప్తలేడు. ఏమైందో జర నువ్వన్న చెప్పు!"

"చాచా విద్య ఆయనతోనే పోదు చాచీ. రేపు ఇక్కడి పిల్లలకు నేనే చూపిస్తున్న," అన్నాను.