నవ్వని ఫోటో

కర్నూలులో హత్యలూ, పెద్దింటి పెళ్లిళ్లూ రెండూ రాసే విలేకరి ఒకాయన ఉండేవాడు. పెళ్లిలో ప్రతి పెద్దమనిషికీ రెండు ఫోటోలు తీసేవాడు. ఒకటి నవ్వుతూ, ఒకటి నవ్వకుండా. "నవ్వేది రేపటి పేపర్‌కి. ఇంకోటి కేసయినప్పుడు పనికొస్తాదిలేప్పా," అనేవాడు.

కడపలో ఒక పెళ్లిలో నాకు మాత్రం నవ్వేదొక్కటే తీసి ముందుకు పోయాడు. ముద్దాయిల్లో మా తాత పేరు లేకుండా జిల్లాలో ఒక్క కేసూ నడవలేదు. ఆ ఇంటి వారసుడికి ఇంత అవమానమా? "ఏమప్పా, నాకు రెండోది తీయవా?" అని ఆపాను.

"నీ మింద కేసు యాడ పడతాది పెద్దాయనా?" అంటూనే కెమెరా ఎత్తాడు. మీసం దువ్వి, కళ్లెర్రజేసి నిలబడ్డాను.

తీసిన ఫోటో చూసుకుని జాలిగా తల ఊపాడు.

"ఇది కూడా పెళ్లి వార్తకే ఏసుకుంటాలే."