మగ్గంలో మిగిలిన పడుగు కొస

మా దిక్కు ఎవరికి నడుము నొప్పి వచ్చినా నీళ్ల మీదికి తోసేస్తాం. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్లగొండ మనుషులం. నల్లాలో కృష్ణ నీళ్లు వచ్చినంక కూడా ఆ అలవాటు పోలేదు. మా బాపు నొప్పినీ అట్లాగే తోసేశాం. ఇంకో ఇంట్లో ఇట్లా జరగొద్దని ఇది రాస్తున్నాను.

బాపు చిట్యాల దగ్గరి ఊళ్లో గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. గుంటలో కాళ్లు పెట్టి, చెక్కలు తొక్కుతూ పొద్దంతా కూర్చునే పని. నొప్పి లేస్తే అమ్మ ఇటుక వేడిచేసి కాపడం పెట్టేది. చివరికి మూత్రంలో రాయేమోనని నల్లగొండలో స్కానింగ్ తీయించాం. రాయి లేదు. కటి లోపలి రక్తనాళాలు రెండు పక్కలా ఉబ్బి ఉన్నాయి, పగిలితే మనిషి దక్కడు అని చెప్పి హైదరాబాద్ పొమ్మని రాసిచ్చారు.

నేను పదో తరగతితో ఆగినవాణ్ని. మిగతాదంతా గ్రంథాలయమే నేర్పింది. పోయేముందు శరీర నిర్మాణం పుస్తకం తెచ్చి చదివాను. గుండె నుంచి దిగే పెద్ద నాళం బొడ్డు దగ్గర రెండుగా చీలుతుంది. ఒక్కొక్కటి మళ్లీ రెండవుతుంది. ఒకటి కాలికి పోతుంది, ఇంకొకటి పిరుదుకు, పొత్తికడుపు లోపలికి. అందుకే హైదరాబాద్‌లో డాక్టరు బొమ్మ గీస్తుంటే నాకు తెలిసిన దారిలాగే కనిపించింది.

పొట్ట కోయరట. గజ్జల్లో చిన్న రంధ్రం చేసి, బట్ట తొడిగిన తీగల గొట్టాన్ని నాళంలోకి పంపుతారట. పిరుదు నాళం మూసుకుపోకుండా ఆ గొట్టానికి పక్క కొమ్మ ఉంటుంది. నమూనా చేతికిస్తే బాపు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"గిది నేసిన బట్టనే గద సారూ?"

"ఔను."

"మరి నేను మల్ల నేస్తనా?"

"కుడి పక్క కొమ్మ పెడతం. ఎడమ పక్క లోపలి నాళం బాగా పాడైంది, దాన్ని మూసెయ్యాల్సిందే. నడుస్తరు. కానీ ఆ పిరుదు గుంజొచ్చు. మగ్గం సంగతి కూసున్నంకనే తెలుస్తది."

"పాణం సంగతి అడగక మగ్గం సంగతి అడుగుతున్నవా?" అంది అమ్మ.

"మగ్గం లేకుంటే పొద్దంతా నీ ముంగటనే కూసుంట. ఫికర్ నీకే," అన్నాడు బాపు.

మగ్గం మీంచి చీరలు దిగినంక పాత పడుగు కొసను, అంటే మిగిలిన నిలువు పోగులను, మేము తీసేయం. పోగులు దూర్చే దువ్వెనలాంటి అచ్చులోనే ఉంచి, కొత్త పడుగును పోగు పోగుకూ దానికి అతుకుతాం. దవాఖానకు పోయేటప్పుడు బాపు ఆ కొస మీద దుమ్ము పడకుండా అమ్మ పాత చీర కప్పి పోయాడు.

ఆపరేషన్ మంచిగానే అయింది. కోలుకున్నంక గుంటలో దిగి ఉత్త చెక్కలు తొక్కి చూశాడు. కుడి కాలు ఆడింది. ఎడమ పిరుదు కాసేపటికే పట్టేసింది. ఆగితే తగ్గేది, తొక్కితే మళ్లీ పట్టేది. నెలలు గడిచినా అంతే. ఒకనాడు పక్కింట్లో మగ్గం నేసే పెద్దబాపును పిలిచాడు.

"గీ అచ్చు నువ్వు తీస్కపో అన్నా. కొస గట్లనే ఉన్నది. నీ పడుగు అతుకు."

ఆ పూట బాపు అన్నం ముట్టలేదు.

మాకు సాయపడ్డవాళ్ల పేర్లు రాస్తే వాళ్లకు నచ్చదు. ఇది నీళ్ల నొప్పి కాదని మొదట చెప్పిన స్కానింగ్ అక్కకు, పుస్తకం ఇంటికిచ్చిన గ్రంథాలయం సారుకు, దవాఖానలో అమ్మకు తోడున్న మేనత్తకు దండాలు. పెద్దబాపుకు కూడా. ఆ కొస మీద దిగిన మొదటి చీరను ఆయన తెచ్చి బాపు ఒళ్లో పెట్టాడు. బాపు అంచు తడిమి చూసి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు.